చొక్కామీది బొమ్మ

వస్త్రం మనలను చలినుండి, ఎండనుండి కాపాడుతుందని చిన్నతనంలో చదువుకొన్నాము. అది మనిషి అంతస్తును, వృత్తిని, ప్రాంతాన్ని కూడా తెలియజేస్తుందని పెద్దవారమైన తరువాత గ్రహించాము. అయితే అక్షరాలు రాని పసిపిల్లల చొక్కా ఆ పిల్లలకే ఏదో పాఠం చెబుతున్నదన్న సంగతిని మనలో ఎందరు ఆలోచించి ఉంటారు? నేను మాత్రం ఆలోచించలేదు. బట్టల దుకాణంలో రెండు వేసవులు పనిచేసి, వందలకొద్దీ చొక్కాల మడతలు విప్పి, మళ్ళీ మడిచిపెట్టిన తరువాత, ఆ పనిలోనే ఒక పొరపాటు చేసిన తరువాత ఆ ఆలోచన కలిగింది. ఆ పొరపాటును మిత్రుల ముందు, పెద్దల ముందు ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

కళాశాలకు సెలవులు ఇచ్చినప్పుడు, పండుగలకు ముందు బజారు రద్దీగా ఉన్నప్పుడు, పత్తర్‌గట్టీ రాతి కమానులకు దగ్గరలో ఉన్న ఒక పిల్లల రెడీమేడ్ దుస్తుల దుకాణంలో నేను పనిచేస్తూ ఉంటాను. చేరిన రోజుననే మా సేఠ్ గారు వ్యాపార రహస్యం ఒకటి నేర్పారు. గిరాకీ మెట్టెక్కగానే "బాబుకా, పాపకా?" అని అడగాలి. వయసు ఎంత, ధర ఎంతలో కావాలి, ఏ రంగు అన్నవి తరువాతి ప్రశ్నలు. ఆ మొదటి ప్రశ్నకు జవాబు రాగానే నా చేయి దానంతట అదే కుడికో, ఎడమకో వెళ్ళేది.

ఎడమ గోడంతా మగపిల్లలది. ఎరుపు, నీలం, నలుపు రంగులు. వాటిమీద స్పైడర్‌మాన్, సూపర్‌మాన్, ఛోటా భీమ్. అందరూ పిడికిళ్ళు బిగించి ఉంటారు, లేదా దూకుతూ ఉంటారు. కుడి గోడంతా ఆడపిల్లలది. గులాబి, లేత ఊదా రంగులు. వాటిమీద రాకుమార్తెలు, సీతాకోకచిలుకలు, పిల్లికూనలు. అందరూ నిలబడి నవ్వుతూ ఉంటారు. చుట్టూ చమ్కీలు మెరుస్తూ ఉంటాయి. ఇంకొక భేదం కూడా ఉంది. దానిని నేను చాలాకాలం గమనించనే లేదు. ఎడమ గోడమీది నిక్కర్లకు జేబులుండేవి. కుడి గోడమీది గౌన్లలో చాలావాటికి ఉండేవి కావు.

ఒకనాటి సాయంత్రం ఒక దంపతులు నాలుగేళ్ళ కుమారునితో దుకాణానికి వచ్చారు. జిల్లానుండి పండుగ బట్టలకోసం నగరానికి వచ్చినవారు. చేతిలో అప్పటికే నాలుగైదు సంచులున్నాయి. నేను అలవాటు ప్రకారం ఎడమ గోడనుండి ఇరవై సైజు చొక్కాలు తీసి కౌంటరుమీద పరిచాను. బాలుడు వాటివైపు చూడలేదు. కుడి గోడకేసి వేలు చూపి, "నాన్నా, నాకు ఆ మంచు అక్క బొమ్మది కావాలి" అన్నాడు. అది 'ఫ్రోజెన్' చిత్రంలోని ఎల్సా బొమ్మ ఉన్న లేత నీలం రంగు చొక్కా. తండ్రి కొంచెం సిగ్గుపడి, "ఛ, అది ఆడపిల్లలదిరా" అన్నాడు. బాలుడు వినలేదు. మళ్ళీ వేలు చూపాడు. వెనుక ఇంకో గిరాకీ నిలబడి ఉంది. బేరం త్వరగా ముగించాలన్న ఆతురతతో నేను నవ్వుతూ, "బాబూ, అది తొడుక్కుంటే అందరూ నిన్ను పాప అంటారు" అన్నాను.

చుట్టూ ఉన్నవారు నవ్వారు. తండ్రి కూడా నవ్వాడు. బాలుడు చూపిన వేలును మెల్లగా ముడిచి, ఆ చేతిని నిక్కరు జేబులో దాచుకొన్నాడు. ఆ తరువాత ఏది చూపినా తల ఊపాడు. స్పైడర్‌మాన్ చొక్కా ఒకటి అమ్ముడుపోయింది. సేఠ్ గారు నావైపు మెచ్చుకోలుగా చూశారు.

ఆ రాత్రి ఇంట్లో దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు ఈ ఉదంతాన్ని నేను తమాషాగా వర్ణించాను. ఆ బాలుని గొంతును అనుకరించాను. అందరికంటె ఎక్కువగా మా అబ్బా నవ్వారు. సెలవులకు పుట్టింటికి వచ్చిన మా ఆపా కూతురు, ఐదేళ్ళ నా మేనకోడలు, మాత్రం నవ్వలేదు. రొట్టె ముక్క చేత పట్టుకొని నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. దానికి కథ అర్థం కాలేదనుకొన్నాను.

వారం గడిచింది. ఆ పాప టెలివిజన్‌లో ఛోటా భీమ్‌ను విడవకుండా చూస్తుందని నాకు తెలుసు. జీతం అందిన రోజున దానిని ఒడిలో కూర్చోబెట్టుకొని, "నీకు పండుగకు ఏం తేవాలి? భీమ్ బొమ్మది తేనా?" అని అడిగాను. దాని కళ్ళు వెలిగాయి. అంతలోనే ఏదో గుర్తు వచ్చినట్టు తల దించుకొని, "అది తొడుక్కుంటే అందరూ నన్ను బాబు అంటారా మామూ?" అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు. అది కాసేపు ఆగి, "వద్దులే, గులాబి గౌను తీసుకురా" అన్నది.

మాట నాదే. దుకాణంలో ఒక పసివాని వేలును ముడిపించిన ఆ మాటే నా ఇంటికి నడిచివచ్చి, నేను ప్రాణప్రదంగా చూసుకొనే పాప నోట మళ్ళీ వినిపించింది. ఆ పాపకు దానిని నేర్పింది బజారు కాదు, టెలివిజన్ కాదు. నేనే.

ఈ సంభాషణ విన్న మా దాదీ లేచి, తన ఇనుప పెట్టెలోనుండి యాభై ఏళ్ళ క్రిందటి నలుపు తెలుపు ఫోటో ఒకటి తీసుకువచ్చింది. స్టూడియోలో, కుర్చీమీద, పువ్వుల గౌను తొడుక్కొని, కళ్ళకు సుర్మా పెట్టుకొని కూర్చున్న పసిబిడ్డ. "ఎవరనుకున్నావు? మీ అబ్బా!" అన్నది. "ఈ గౌను మీ పెద్ద ఫుఫూది. దానికి పొట్టి అయితే వీడికి తొడిగాను. బట్ట గట్టిగా ఉంది, పారేస్తామా? గల్లీ అంతా చూసింది. ఎవరూ ఏమీ అనలేదు." మా అబ్బా ఆ ఫోటోను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశారు. చివరికి, "అమ్మీ, దీనికి జేబులుండేవా?" అని అడిగారు. "దర్జీచేత చెప్పి కుట్టించాను. రెండు జేబులు" అన్నది దాదీ.

ఆ రోజులలో పండుగకు ఒక తాను కొని, ఇంట్లో ఉన్న అన్నదమ్ములకు చొక్కాలు, అక్కచెల్లెళ్ళకు గౌన్లు ఆ బట్టతోనే కుట్టించేవారట. మా పొరుగున ఉన్న తెలుగువారి ఇంట్లోనూ ఇటువంటి ఫోటో ఒకటి గోడమీద ఉంది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగబిడ్డకు జడ వేసి, పూలు పెట్టి, పరికిణీ కట్టి తీయించిన ఫోటో అది. ఆ బిడ్డ ఇప్పుడు బస్సు డ్రైవరు. ఆ ఫోటోను ఆయన ఎన్నడూ దాచిపెట్టలేదు.

దాదీ చూపిన ఆ ఫోటో నాలో కుతూహలం రేపింది. ఈ విషయంపై దొరికినంతవరకు చదివాను. అమెరికా అధ్యక్షుడుగా ఎన్నికైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1884లో, రెండున్నరేళ్ళ వయసులో, తెల్లని గౌనుతో, భుజాలమీద పడే జుట్టుతో ఫోటో తీయించుకొన్నాడు. ఆనాడు అక్కడి పసిపిల్లలందరికీ అదే వేషం. రంగుల సంగతి మరింత ఆశ్చర్యకరం. 1918లో అమెరికాలోని ఒక పిల్లల దుస్తుల వర్తక పత్రిక, గులాబి దృఢమైన రంగు గనుక మగపిల్లలకు, నీలం సుకుమారమైనది గనుక ఆడపిల్లలకు తగినవని సలహా ఇచ్చింది! నేడు మనం ప్రకృతి ధర్మమనుకొనేది నూరేళ్ళ క్రిందట అందరూ అంగీకరించినది కాదన్నమాట. ఈ చరిత్రను పరిశోధించిన జో పావొలెట్టి అనే విదుషీమణి 2012లో ఒక గ్రంథమే ప్రచురించారు. వ్యాపారికి ఈ విభజనవలన కలిగే లాభం నాకు ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు. అక్క గౌను తమ్మునికి పనికిరాదంటే, ఒక ఇంటికి రెండు బేరాలు.

రంగులకంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి బొమ్మలు. 2013లో విడుదలైన 'ఫ్రోజెన్' చిత్రాన్ని నా మేనకోడలితో కలిసి మళ్ళీ చూశాను. ఎల్సా తన శక్తికి తానే భయపడి, ఏళ్ళ తరబడి తలుపు మూసుకొని బ్రతికిన పిల్ల. తరువాత ఒంటరిగా కొండమీద మంచు సౌధాన్ని నిర్మించిన పిల్ల. ఆమెను వెదుక్కుంటూ మంచులో నడిచివెళ్ళి, చివరికి ప్రాణాలకు తెగించి కాపాడేది చెల్లెలు. చొక్కామీద ఈ సాహసం ఎక్కడ ఉంది? జడ ఉంది, నవ్వు ఉంది, చమ్కీలు ఉన్నాయి.

అలాగే 1962లో తొలిసారిగా కథలలోకి వచ్చిన స్పైడర్‌మాన్‌ను తీసుకొనండి. అతడు తల్లిదండ్రులు లేని కుర్రవాడు; పెదతండ్రి, పెదతల్లి పెంచినవాడు. తాను నిర్లక్ష్యంగా వదిలివేసిన దొంగే తన పెదతండ్రిని చంపాడని తెలిసి కుమిలిపోయినవాడు. ఆ పశ్చాత్తాపమే అతనిని వీరునిగా చేసింది. చొక్కామీద ఆ దుఃఖం లేదు. ముసుగు ఉంది, దూకుడు ఉంది. 2008లో మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ రూపొందించిన ఛోటా భీమ్ కథలలో చుట్కీ అనే బాలిక సాహసాలలో భీముని వెంట నడుస్తుంది. నేను అమ్మిన చొక్కాలమీద ఆమె కనిపించింది బహు అరుదు. కనిపించినా వెనుక వరుసలోనే.

ఆడపిల్ల చొక్కాలో బలం తీసివేశారు. మగపిల్లవాని చొక్కాలో కన్నీరు తీసివేశారు. కథలో నిండుగా ఉన్న మనుషులు బట్టమీదకు వచ్చేసరికి సగమైపోయారు. ఆ సగాన్నే మనం పిల్లలకు తొడిగి, "ఇదే నువ్వు" అంటున్నాము. నష్టం ఆడపిల్లలకు మాత్రమే అనుకొనేవారు, జేబులో చేయి దాచుకొన్న ఆ బాలుని ఒకసారి తలచుకోవాలి.

"చొక్కామీది బొమ్మకు ఇంత చర్చ ఎందుకు? గులాబి రంగును ఇష్టపడే ఆడపిల్లలు లేరా?" అని మిత్రులు ప్రశ్నించవచ్చు. నిస్సందేహంగా ఉన్నారు. ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. నా బాధ ఒక్కటే. ఇష్టం ఏమిటో అడగకముందే మనం గోడ చూపిస్తున్నాము. బొమ్మలోని సూచన ఒక్కొక్కసారి మాటల రూపంలోనే బయటపడుతుంది. 2011లో అమెరికాలో ఒక పెద్ద దుకాణ సంస్థ, తాను అందగత్తె గనుక హోంవర్కు తన సోదరుడు చేయాలని ఒక బాలిక అంటున్నట్టుగా చొక్కామీద అచ్చువేసి అమ్మకానికి పెట్టింది. ప్రజలు నిరసించగా దానిని ఉపసంహరించుకొన్నది. మార్పు అసాధ్యం కాదు. 2017లో బ్రిటన్‌లోని జాన్ లూయీస్ సంస్థ తాను తయారుచేసే పిల్లల దుస్తులకు బాలురవి, బాలికలవి అనే విడివిడి లేబుళ్ళను మానివేసింది.

ఈ ధైర్యంతో మా సేఠ్ గారిని ఒక కోరిక కోరాను. ఒక ర్యాకులోనైనా బాబు, పాప అనే భేదం లేకుండా బొమ్మలవారీగా చొక్కాలు సర్దుదామని. ఆయన గల్లాపెట్టె మూసి, "బేటా, మనం దుకాణం పెట్టింది సరుకు అమ్మడానికి. లోకాన్ని దిద్దడానికి కాదు" అన్నారు. మరునాడు ఆయనే పిలిచి, మెట్లప్రక్కన ఖాళీగా ఉన్న చిన్న ర్యాకును చూపి, "దీనిమీద నీ ఇష్టం వచ్చినట్టు సర్దుకో. పండుగదాకా చూద్దాం" అన్నారు. ఆ ర్యాకువలన గొప్ప విప్లవమేమీ రాలేదు. కొందరు తల్లులు తికమకపడి, "ఆడపిల్లలవి ఎక్కడ?" అని అడిగారు. కొందరు పిల్లలు నేరుగా వెళ్ళి, తమకు నచ్చినది తామే లాగి తెచ్చుకొన్నారు. పండుగ ముగిసినా సేఠ్ గారు ఆ ర్యాకును తీయమనలేదు.

నా మేనకోడలికి గులాబి గౌను తెచ్చాను. దానితోపాటు భీమ్ బొమ్మ ఉన్న చొక్కా, నిక్కరు జత కూడా తెచ్చి, "నిన్ను ఎవరైనా బాబు అంటే, మా తాతయ్యను కూడా పాప అనుకొనేవారని చెప్పు" అన్నాను. పండుగనాడు అది ఉదయం గౌను తొడుక్కొన్నది. మధ్యాహ్నానికి భీమ్ చొక్కాలోకి మారి, చేతి గాజులు, జడ రిబ్బను తీయకుండానే గల్లీలోకి పరుగెత్తింది. సాయంత్రం మా ఆపా ఆ నిక్కరును ఉతకబోతే, రెండు జేబులనిండా చింతగింజలు దొరికాయి.

ఆ బాలుడు మాత్రం మళ్ళీ మా దుకాణానికి రాలేదు. ఆ ఇరవై సైజు చొక్కా ఈపాటికి అతనికి పొట్టి అయి ఉంటుంది. చొక్కా పొట్టి అయితే విప్పివేయవచ్చు. పెద్దలు నవ్వుతూ అన్న మాట అంత తేలికగా ఊడిరాదు. అది తలచుకొన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది.

మనలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, కొందరు వర్తకులవుతారు, చాలామంది తల్లిదండ్రులవుతారు. అప్పటిదాకా ఆగనక్కరలేదు, ఇంట్లో తమ్ములు, చెల్లెళ్ళు, మేనకోడళ్ళు మనకు ఇప్పుడే ఉన్నారు. ఏ పసిబిడ్డ అయినా ఒక బొమ్మకేసి వేలు చూపినప్పుడు నవ్వకుండా ఆ వేలు చూపినవైపు చూడవలసిందిగా నా ప్రార్థన. నేను మాత్రం ఇప్పుడు దుకాణంలో పిల్లవాని ఎత్తుకు వంగి, "నీకేది ఇష్టం?" అన్న ప్రశ్ననే ముందు అడుగుతున్నాను.