మంచుదేశపు బిడ్డ

మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి ఒక హస్కీ పిల్లను కొన్నాడు. నీలికళ్ళు, పట్టులాంటి బొచ్చు. తర్వాత ఆఫీసువాళ్ళు జర్మనీకి పంపడంతో, "నాన్నా, కొన్నాళ్ళు చూసుకోండి" అని దాన్ని తిరుత్తణిలో మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. సైబీరియాలో చుక్చీలు మంచుమీద బండ్లు లాగడానికి పెంచిన జాతి అది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వస్తే, సుమారు 674 మైళ్ళు మంచులో మందు చేరవేసినవి ఇలాంటి బండికుక్కలే. దాన్ని తెచ్చి, రోహిణి కార్తెకు ముందే రోళ్ళు పగిలే మా ఊళ్ళో పెట్టాం!

నేను పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరులో బ్యాంకుకు వెళితే, తిరిగి వచ్చేది చీకటిపడ్డాకే. పని లేని చిన్ని పెరడంతా తవ్వేది, ఊళపెట్టేది. పాపం అనిపించి ఒక ఏప్రిల్ ఆదివారం పదిగంటల వేళ కొండ దిగువదాకా నడిపించాను. దారిలోనే నాలుక వేలేసి, రొప్పుతూ కూలబడింది. పక్క ఇంటివాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు. ఆటోలో తీసుకుపోయాం.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు సార్. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడమే దానికి చల్లదనం" అన్నారు డాక్టరుగారు.

"బొచ్చు గొరిగించేయమంటారా?"

"వద్దు. ఆ రెండు పొరల బొచ్చే ఎండనుంచి కాస్తుంది. రాలే బొచ్చు దువ్వి తీయండి, చాలు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచి చేయబోయి ప్రాణం తీసేవాణ్ణే కదా!

ఇప్పుడు నాలుగున్నరకే లేస్తాం. తెల్లవారకముందే నడక అయిపోతుంది. సాయంత్రం బయలుదేరే ముందు రోడ్డుకు నా చేతి వెనకభాగం ఆనిస్తాను. ఓర్చుకోలేకపోతే చిన్ని కాళ్ళూ ఓర్చుకోలేవు. పగలు ఫ్యాను కింద గచ్చునేల, పక్కన గంగాళంలో నీళ్ళు. మా ఆవిడ పాతతువ్వాళ్ళ మడతల్లో క్యారెట్ ముక్కలు దాచి వెతికిస్తుంది. కొన్ని ముక్కలు నీళ్ళలో వేసి ఐసుగడ్డలు కట్టి ఇస్తుంది. బుర్రకు పని దొరికాక తవ్వడం తగ్గింది. మరీ మండిపోయే మధ్యాహ్నాలు ఏసీ గది దానిదే.

మొన్న అబ్బాయి ఫోనులో, "మీకు కష్టమైతే ఎవరికైనా ఇచ్చేయనా?" అన్నాడు. నేను కరెంటు బిల్లు సంగతి ఎత్తబోతుంటే మా ఆవిడ ఫోను లాక్కుని, "ఇంటికొచ్చిన బిడ్డను ఎవరికిస్తాంరా?" అంది. చర్చ ముగిసింది.

ముచ్చటపడేవారికి నా మనవి ఒక్కటే. మన ఎండలకు పుట్టిన రాజపాళయం, చిప్పిపారై జాతులున్నాయి. కాదు, హస్కీయే కావాలంటారా? మే నెలలో మా ఊరు వచ్చి, ఉన్నికోటు తొడుక్కుని మధ్యాహ్నం ఒక్క గంట కూర్చోండి. తర్వాత కొనండి.