సిగ్నల్ పోయే చోట... ఐసికిల్ వాగు ఒడ్డున టెంట్

సియాటెల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు లెవెన్‌వర్త్ కొత్త కాదు. డిసెంబర్‌లో లైట్లు, మంచు, జర్మనీ పల్లెను తలపించే షాపులు... ఆ ఫొటో ఇన్‌స్టాలో పెట్టనివాళ్లు తక్కువే. రైలు దారి మళ్లిపోయి, కలప మిల్లు మూతబడి ఊరు ఖాళీ అవుతుంటే, 1960ల్లో ఊరివాళ్లే పట్టుబట్టి దానికి ఈ బవేరియా వేషం వేశారు.

కానీ అసలు అందం ఊళ్లో లేదు, ఊరి పక్కనే ఉంది. సియాటెల్ నుంచి స్టీవెన్స్ పాస్ కనుమ దాటి రెండు గంటలకు పైగా డ్రైవ్ చేస్తే, ఊరి మొదట్లోనే కుడివైపు ఐసికిల్ రోడ్ వస్తుంది. దాన్ని పట్టుకుంటే కాసేపటికే రెండు వైపులా రాతి కొండలు, మధ్యలో హోరుమంటూ ఐసికిల్ వాగు. పేరు వింటే మంచు కడ్డీలు గుర్తొస్తాయి గానీ, దానికీ మంచుకీ సంబంధం లేదంటారు. ‘ఇరుకైన లోయ’ అని అర్థమిచ్చే ఒక స్థానిక ఆదివాసీ మాట తెల్లవాళ్ల నోట్లో అలా మారిందట.

ఈ వాగు పొడవునా ఫారెస్ట్ సర్వీస్ క్యాంపులు వరసగా ఉంటాయి. ఎయిట్‌మైల్, బ్రిడ్జ్ క్రీక్, జానీ క్రీక్, ఐడా క్రీక్, చాటర్ క్రీక్... పైకి వెళ్లేకొద్దీ జనం పలచబడతారు. చివరి మైళ్లలో తారు కూడా పోయి మట్టిరోడ్డు మిగులుతుంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలైతే అంతకు చాలా ముందే మాయం.

సైట్‌లో ఏముంటాయి? టెంట్ వేసుకోడానికి చదును నేల, ఒక చెక్క బల్ల, మంట వేసుకోడానికి ఇనుప చట్రం. కాస్త దూరంలో ఫ్లష్ లేని గుంట టాయిలెట్. అంతే! కరెంటు లేదు, షవర్ లేదు, వైఫై మాట ఎత్తకండి. తాగునీళ్లు ఉంటాయని నమ్ముకోకుండా క్యాన్లలో తీసుకెళ్లడమే మంచిది. వాగు నీళ్లు అద్దంలా ఉన్నా మరిగించకుండానో, ఫిల్టర్ చేయకుండానో తాగొద్దు. జియార్డియా అనే క్రిమి కడుపును వారాల తరబడి సతాయిస్తుంది.

ఇంత తక్కువ సౌకర్యాలేంటి అనిపిస్తుంది. కారణం ఈ కొండల వెనక ఉంది. క్యాంపులు దాటి కాలిబాట పట్టుకుని లోపలికి నడిస్తే ‘ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్’ బోర్డు కనిపిస్తుంది. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం ఇలాంటి చోట రోడ్లు వేయకూడదు, మోటారు బండి తిరగకూడదు. సైకిల్ కూడా నిషేధమే. దారికి అడ్డంగా పడిన చెట్టును సిబ్బంది సాధారణంగా ఇద్దరు లాగే చేతి రంపంతోనే కోస్తారు. ఈ సరస్సుల ప్రాంతానికి ఆ రక్షణ 1976లో వచ్చింది. అప్పటి వాషింగ్టన్ గవర్నర్ డాన్ ఇవాన్స్, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌ను కలిసి ఇక్కడి ఫొటోల పుస్తకం చూపించి మరీ ఒప్పించారు. అంటే మన క్యాంపు సౌకర్యానికీ అడవికీ మధ్య గడప లాంటిది. గడప ఇవతల బల్ల, టాయిలెట్ ఉన్నాయి. అవతల అవీ లేవు.

ఇక్కడ హోటల్‌లోలా చూసుకునేవాళ్లు ఉండరు. మనల్ని కాపాడేవి కొన్ని అలవాట్లు మాత్రమే.

మొదటిది తిండి. ఈ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. మన బిర్యానీ, పులిహోర, ఆవకాయ వాసన మనకే అంత దూరం వస్తుంటే వాటి ముక్కుకు ఎంత దూరం వెళ్తుందో ఊహించుకోండి. తినడం అయిపోగానే మిగిలినవన్నీ, టూత్‌పేస్ట్‌తో సహా, కారులో పెట్టి అద్దాలు మూసేయండి. టెంట్‌లో చాక్లెట్ కూడా వద్దు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపాల్సి వస్తుంది. మన నిర్లక్ష్యానికి శిక్ష దానికి పడుతుంది.

రెండోది నిప్పు. వేసవిలో ఈ వైపు కొండలు ఎండిపోయి ఉంటాయి, మంటలపై నిషేధం పెట్టడం మామూలే. బోర్డు చూడకుండా అగ్గిపుల్ల గీయొద్దు. మంట వేసినా, పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా ఆర్పాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది... వాగు.

అమెరికాలో సరదాగా సరస్సుకో జలపాతానికో వెళ్లి మునిగిపోయిన తెలుగు విద్యార్థుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. “ఒరేయ్, మోకాలి లోతే రా, దిగు” అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో! గోదావరి కాలవల్లో ఈత నేర్చుకున్నవాడికి ఈ వాగు పిల్లకాలవలాగే కనిపిస్తుంది. కానీ ఇది కరిగిన మంచు. అంత చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి మన చేతిలో ఉండదు. తెలియకుండానే గట్టిగా పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లే. అది తట్టుకున్నా, నిమిషాల్లోనే చేతులు కాళ్లు మాట వినడం మానేస్తాయి. అప్పుడు గజ ఈతగాడైనా ఒకటే.

ఇంకో సంగతి. మే, జూన్ నెలల్లో పొద్దున దాటిన చోటే సాయంత్రం దాటలేకపోవచ్చు. పగటి ఎండకు పైన కరిగిన మంచు సాయంత్రానికి ఇక్కడికి చేరుతుంది. వాన చుక్క పడకపోయినా నీళ్లు పెరుగుతాయి. వడి ఉన్న నీళ్లలో పడితే లేచి నిలబడాలని చూడొద్దు. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. వెల్లకిలా పడి, కాళ్లు ముందుకు పెట్టి ఒడ్డు వైపు కదలాలి. తడి రాళ్ల మీద సెల్ఫీ అసలు వద్దు. 911కి కాల్ చేయాలన్నా సిగ్నల్ కోసం కిందికి కారు నడపాలని గుర్తుంచుకోండి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి మళ్లీ వెళ్లమంటారేంటి అంటారా? వెళ్లాల్సిందే. పాండెరోసా పైన్ చెట్టు బెరడుకి ముక్కు ఆనించి చూడండి, వెనీలా వాసన వస్తుంది. రాత్రి మంట ఆర్పాక తలెత్తితే అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎన్నడూ కనిపించనన్ని చుక్కలు. అక్టోబర్ మొదట్లో పై కొండల్లో లార్చ్ చెట్లు బంగారు రంగుకి తిరుగుతాయి. ఆ సరస్సుల్లో పేరున్న ఎన్‌చాంట్‌మెంట్స్‌లో రాత్రి ఉండాలంటే లాటరీలో పర్మిట్ తగలాలి. వాగు ఒడ్డున టెంట్‌కి ఆ అదృష్టంతో పనిలేదు. రోడ్డు తెరిచుందా, సైట్‌కి రిజర్వేషన్ కావాలా అన్నది మాత్రం ఫారెస్ట్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

బయల్దేరే ముందు ఊళ్లో అమ్మానాన్నలకు ఒక ఫోన్ చేయండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరెవరు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పండి. అదే వివరం ఇక్కడున్న ఒక స్నేహితుడికీ మెసేజ్ పెట్టండి. చెప్పిన టైమ్‌కి మీరు రాకపోతే వెతకమని చెప్పేది వాళ్లే.