అలంపూర్‌కి గైడ్ దండగా?

మెక్సికోలో మాయా శిథిలాలు, సెనోట్ గుంటల్లో ఈత, పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపే గైడు. ఆ వీడియోలు చూసి మురిసిపోయే మనమే షాద్‌నగర్ మీదుగా 44వ నంబర్ హైవేలో కర్నూలుకి దూసుకుపోతూ అలంపూర్ వైపు బండి తిప్పం. తిప్పినా జోగులాంబ దర్శనం, తుంగభద్రలో మునక, అంతే. పక్కనే బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, 7, 8 శతాబ్దాలవి. తెలిసినవాడు వెంట ఉంటే ముందు తల పైకెత్తమంటాడు. దాదాపు అన్నిటికీ ఉత్తరాది తరహా వంపు శిఖరం, పైన ఉసిరికాయలా గాట్లు పడ్డ ఆమలకం. తారకబ్రహ్మ ఒక్కటే వేరు. ఇక కూడవెల్లి సంగమేశ్వరాలయం అక్కడే కట్టారనుకుంటాం. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా విప్పి తెచ్చి నిలబెట్టారని ఆ గోడలు చెప్పవు కదా.

ఫోన్‌లో అన్నీ ఉన్నాయంటారు. ఉన్నాయి, కానీ ఏం వెతకాలో తోచనివాడికి ఫోన్ ఏం చేస్తుంది? ఒక్కరోజు చాలదన్నది మాత్రం న్యాయమైన మాటే. అందుకే ఆరు చోట్లు తిప్పే ప్యాకేజీ కన్నా ఈ ఒక్క ఊరు మేలు. నదిలో దిగేముందు కూడా ఊరివాళ్లని అడగాలి, ఏ రేవు ఎంత లోతో వాళ్లకే తెలుసు. ఎండాకాలం మాత్రం వద్దు, మధ్యాహ్నం ఆ బండల మీద వట్టికాళ్లతో నిలబడలేం.