పాట మీద ఊరి పేరు... జట్టు మీద ఊరి పేరు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారాయన. సొంతూరు తెనాలి. వైటూకే హడావుడి చివర్లో, 1999లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని విమానం ఎక్కారు. పాతికేళ్లు దాటిపోయాయి. ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తే భార్య ముందే హెచ్చరిస్తుంది. ‘ఆయన్ని పాత రికార్డుల గురించీ బేస్‌బాల్ గురించీ మాత్రం అడక్కండి. పప్పు చల్లారిపోతుంది’ అని. అడక్కపోయినా చెబుతారనుకోండి, అది వేరే సంగతి!

ఆ రెంటి మీదా ఆయనకున్నన్ని అభిప్రాయాలు ఆఫీసు పని మీద కూడా ఉండవు. ఆయన సంగీతం చదువుకోలేదు. బేస్‌బాల్ బ్యాటు చేత్తో పట్టుకున్నదీ లేదు. అయితేనేం... అభిమానికి అర్హత పరీక్ష ఎవరు పెట్టారు?

రికార్డుల పిచ్చి ఆఫీసు కారులో మొదలైంది. కొత్తలో కారు లేక ఓ సహోద్యోగితో కలిసి వెళ్లేవారు. ఆ కారులో రోజూ ఒకటే బ్యాండు... క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. రెండు మూడు నిమిషాల్లో అయిపోయే పాటలు. మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ జాన్ ఫోగర్టీ గొంతులోని ఆ గరుకు మాత్రం దిగిపోయింది. లూసియానా బురద నేలల గురించీ పడవల గురించీ పాడుతున్నాడు కదా, వీళ్లది అక్కడెక్కడో దక్షిణాది పల్లె అనుకున్నారట. తీరా చూస్తే ఎల్ సెరిటో! ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి కూర్చుంటే, ఓక్లండ్ దాటాక వచ్చే ఊరు. నలుగురూ అక్కడి కుర్రాళ్లే. 1968 నుంచి 1972 దాకా ఏడు ఆల్బమ్‌లు చేశారు. అందులో మూడు ఒక్క 1969లోనే.

ఆ ఏడింటినీ ఆయన ఎన్నిసార్లు కొన్నారో లెక్క భార్య దగ్గరుంది. మొదట సీడీలు. 2008లో నలభయ్యేళ్ల పండగ పేరుతో అవే పాటలు మళ్లీ సీడీల్లో. 2018లో అవే ఏడూ పెద్ద పెట్టెలో ఎల్పీ రికార్డులుగా. ‘ఉన్నవే మళ్లీ కొంటారేమిటండీ? చీర విషయంలో నేను ఇలా చేస్తే ఊరుకుంటారా?’ అని ఆవిడ ప్రశ్న. దానికి మాత్రం ఆయన దగ్గర అభిప్రాయం లేదు.

మిగతా వాటికి ఉంది. పాత పాటల్ని మళ్లీ విడుదల చేసేటప్పుడు కంపెనీలు చేసే మొదటి పాపం శబ్దం పెంచెయ్యడం అంటారాయన. 1990ల నుంచి సీడీలకు పట్టుకున్న జబ్బు ఇది. చిన్నగా వినపడాల్సిందీ పెద్దగా వినపడాల్సిందీ అన్నిటినీ పైకి లాగేసి ఒకే మట్టానికి తెస్తారు. మొదటి నిమిషం భలే ఉంటుంది. పదో నిమిషానికి తలనొప్పి. ‘పెళ్లి పందిట్లో మైకు సెట్టువాడు సన్నాయినీ డోలునీ ఒకేలా మోగిస్తాడే, అలాగ’ అని ఆయన పోలిక.

రెండోది అదనపు పాటలు. అప్పట్లో వద్దని పక్కన పెట్టినవన్నీ ఏరి చివర్లో అతికిస్తారు. దర్జీ చొక్కాతో పాటు కత్తిరింపు ముక్కలు కూడా మూటగట్టి ఇచ్చి, వాటికీ డబ్బు అడిగినట్టు! ఒక్కోసారి ఆ ముక్కల్లో మంచి జేబురుమాలు దొరుకుతుందని కూడా ఆయనే ఒప్పుకుంటారు.

2018 పెట్టె సంగతి వేరే. అందులోవి లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో సగం వేగంతో చెక్కిన రికార్డులు. టేపునీ, రికార్డు చెక్కే యంత్రాన్నీ రెంటినీ సగం వేగంతో తిప్పుతారు. దాంతో సన్నటి పై స్వరాల గాడిని చెక్కడానికి సూదికి రెట్టింపు సమయం దొరుకుతుంది. మనం మామూలు వేగంతో వేసుకుంటే తాళాల మెరుపు ఇంకాస్త స్పష్టంగా వస్తుంది. తేడా నిజంగా తెలుస్తుందా అంటే... ‘తెలుస్తుంది. కాకపోతే ఆ సమయంలో వంటింట్లో కుక్కరు విజిల్ వెయ్యకూడదు’ అంటారు. ‘మాయాబజార్’కి 2010లో రంగులద్దినప్పుడు కూడా ఆయన తీర్పు ఇలాగే సాగింది. రంగుల్లో చూసి బాగుందన్నారు. ఇంటికొచ్చి 1957 నాటి నలుపు తెలుపుల్లో మళ్లీ చూసి హమ్మయ్య అన్నారు.

ఇన్ని రికార్డుల్లో ఆయన అతిథులకు తీసి చూపించేది మాత్రం ఒక్కటే. పాటల కోసం కాదు, అట్ట కోసం. 1980లో ఈ బ్యాండు కచేరీ ఒకటి రికార్డుగా వచ్చింది. లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో పాడినదని అట్ట మీద గొప్పగా వేశారు. తర్వాత తేలిందేమిటంటే అది లండనూ కాదు, ఆ హాలూ కాదు. 1970 జనవరి 31న ఓక్లండ్ కొలీజియం అరీనాలో పాడిన కచేరీ! టేపులు కలగాపులగమయ్యాయి. కంపెనీవాళ్లు నాలిక్కరుచుకుని, ఆ తర్వాత వేసిన ప్రతుల మీద ‘ది కన్సర్ట్’ అని మాత్రం ఉంచారు. అసలు లండన్ కచేరీ టేపులు 52 ఏళ్లు ఆగి 2022లో విడుదలయ్యాయి.

ఆయన దగ్గరున్నది తప్పు పేరుతో వచ్చిన పాత ప్రతి. పాత సామాన్ల సంతలో దొరికింది. ‘చప్పట్లు మా ఊళ్లోవి, పేరు లండన్‌ది. దాన్ని మళ్లీ అచ్చేసినప్పుడు కనీసం అబద్ధం తీసేశారు. మళ్లీ అచ్చెయ్యడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది?’ అంటారు. మా ఊరు అని ఆయన అన్నది తెనాలిని కాదు, ఓక్లండ్‌ని. ఆ మాట ఎలా వచ్చిందో తెలియాలంటే ఆయన రెండో పిచ్చిలోకి వెళ్లాలి.

ఆ కచేరీ జరిగిన అరీనా పక్కనే పెద్ద స్టేడియం ఉంది. పేరు కొలీజియమే. 1968 నుంచి ఓక్లండ్ అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టుకి అదే ఇల్లు. ఫ్రీమాంట్ నుంచి వెళ్లే బార్ట్ రైలు దాని పక్కనే ఆగుతుంది.

మన క్రికెట్ కళ్లతో చూస్తే బేస్‌బాల్ మొదట్లో నవ్వొస్తుంది. బిళ్లంగోడుకి యూనిఫాం తొడిగినట్టు ఉందనుకున్నారట ఆయన కూడా. 30 జట్లు. ఒక్కో జట్టుకి ఏడాదికి 162 మ్యాచ్‌లు. వాటిలో 81 సొంతూళ్లో. అంటే వేసవంతా దాదాపు రోజూ ఆటే! ‘అదే దాని అందం. ఇవాళ ఓడితే ఏడవడానికి టైముండదు, రేపు మళ్లీ ఉంది’ అంటారు. బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టిన 2023 నిబంధన ఆయనకి తెగ నచ్చింది. సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టే మ్యాచ్ ఆ ఏడాది 2 గంటల 40 నిమిషాలకు దిగింది. చివరి రైలు అందుతోంది మరి! ఆట సమమైతే అదనపు ఇన్నింగ్స్‌లో ఒక ఆటగాణ్ని ఊరికే రెండో బేస్ మీద నిలబెట్టే 2020 నాటి పద్ధతంటే మాత్రం ఒళ్లు మంట. ‘చెయ్యని పరుగుకి సగం దారి దానమా?’

ఆయన్ని అభిమానిగా మార్చింది 2002 సెప్టెంబరు 4. అథ్లెటిక్స్ అప్పటికి వరుసగా 19 మ్యాచ్‌లు నెగ్గింది. ఆఫీసువాళ్లు లాక్కెళితే వెళ్లారు. స్టేడియంలో 55 వేల మంది. మొదట్లోనే 11-0 ఆధిక్యం. ‘ఇక ఇంటికి పోదామా’ అన్నారట పక్కవాళ్లతో. వాళ్లు వినకపోవడం మంచిదైంది. కాన్సాస్ సిటీ జట్టు పుంజుకుని తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 11-11 చేసేసింది. అప్పుడు స్కాట్ హాటెబర్గ్ అనే ఆటగాడు బ్యాటు పట్టుకుని వచ్చి బంతిని ప్రేక్షకుల్లోకి పంపాడు. 12-11. వరుసగా ఇరవయ్యో విజయం! పేద జట్టు లెక్కల బలంతో డబ్బున్న జట్లని నిలువరించిన ఆ ఏడాది కథే ‘మనీబాల్’ పుస్తకం, 2011లో బ్రాడ్ పిట్ సినిమా. ఆ రాత్రి ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆయన్ని కావిలించుకున్నారు. దేశం వచ్చిన మూడేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గుతుంది.

తర్వాతి కథ తెలిసిందే. స్టేడియం పాతబడింది. కొత్తది కడదామన్నారు. ఓ దశలో ఫ్రీమాంట్‌లోనే కడదామన్నారు. అప్పుడు ఈయన ఆనందం చూడాలి! అదీ కాలేదు, ఓక్లండ్ రేవు దగ్గర అనుకున్నదీ కాలేదు. బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయింది. ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ 2020లో లాస్ వేగస్ వెళ్లిపోయింది. మిగిలింది ఇదొక్కటే. దాన్నీ లాస్ వేగస్‌కే తీసుకెళ్తామన్నారు. 2023 జూన్ 13న అభిమానులు తిరగబడ్డారు. ఎలాగంటే... స్టేడియానికి వచ్చి! ఖాళీ కుర్చీలు చూపించి ఊరిని తప్పుపడుతున్నారు కదా, ఇదిగో జనం అంటూ 27,759 మంది చేరారు. జట్టుని అమ్మెయ్యమని యజమానికి చెబుతూ ‘సెల్’ అని రాసిన పచ్చ చొక్కాలు వేసుకున్నారు. ఈయన కూడా వేసుకున్నారు. అమ్మలేదు. ఆ ఏడాది జట్టు 112 మ్యాచ్‌లు ఓడింది. నవంబరులో మిగతా జట్ల యజమానులు కూడా సరేనన్నారు.

2024 సెప్టెంబరు 26న ఓక్లండ్‌లో చివరి మ్యాచ్. టెక్సస్ జట్టు మీద 3-2తో గెలుపు. 46,889 మంది వచ్చారు. మ్యాచ్ అయ్యాక జట్టు మేనేజర్ మార్క్ కాట్సే మైకు తీసుకుని కృతజ్ఞతలు చెప్పి, ‘లెట్స్ గో ఓక్లండ్’ అని జనంతో కలిసి నినదించారు. 57 సీజన్లు, నాలుగు వరల్డ్ సిరీస్ కప్పులు... అయిపోయింది. ఆ ఊళ్లోనే పెరిగి ఆ మైదానంలోనే బేస్‌లు దొంగిలించిన వీరుడు రికీ హెండర్సన్. 1991లో అక్కడే తన 939వ దొంగతనంతో పాత రికార్డు బద్దలుకొట్టాడు. మొత్తం 1,406తో ఆపాడు. జట్టు వెళ్లిన మూడు నెలల్లోపే, 2024 డిసెంబరు 20న ఆయనా పోయాడు. ఆ రోజు ఈయన ఆఫీసుకి సెలవు పెట్టారు. కారణం అడిగితే దగ్గరివాళ్లు పోయారని చెప్పారట.

జట్టు ఇప్పుడు తాత్కాలికంగా శాక్రమెంటో పక్కన ఓ చిన్న మైదానంలో ఆడుతోంది. లాస్ వేగస్‌లో 2028కి స్టేడియం సిద్ధం చెయ్యాలన్నది లక్ష్యం. అన్నిటికన్నా ఆయన్ని గుచ్చేది దూరం కాదు, పేరు. 2025 నుంచి ఆ జట్టు పేరులో ఏ ఊరూ లేదు. ఉత్త ‘అథ్లెటిక్స్’. ఫిలడెల్ఫియాలో పుట్టి, కాన్సాస్ సిటీ మీదుగా ఓక్లండ్ వచ్చిన జట్టుకి ఊళ్లు మారడం కొత్త కాదు. ఊరే లేకపోవడం కొత్త. ‘ఆ తప్పు అట్ట మీద లండన్ అనైనా రాశారు. వీళ్లు అదీ రాయలేదు’ అంటారు.

ఇంట్లో ఇదంతా ఒప్పుకోని మనిషి ఒకరున్నారు. కాలేజీలో చదివే కూతురు. ‘పోయినవాటి గురించే మాట్లాడతావేం నాన్నా? తిరిగొచ్చినవీ ఉన్నాయిగా’ అంటుంది. ఆమె ఉదాహరణ ఫోగర్టీయే. తను రాసిన పాటల మీద హక్కులు రికార్డు కంపెనీకి పోయి, కోపంతో ఏళ్ల తరబడి వాటిని పాడటమే మానేశాడాయన. 1985 నాటి ఆల్బమ్‌కి కొత్త పాట రాస్తే, అది తన పాత పాటకే కాపీ అని కంపెనీ కోర్టుకెక్కింది. సొంత పాటని తనే దొంగిలించాడన్నమాట! 1988లో గిటారు పట్టుకుని బోనెక్కి, జ్యూరీకి వాయించి చూపించి గెలిచాడు. అదే 1985 ఆల్బమ్‌లోదే ‘సెంటర్‌ఫీల్డ్’... బేస్‌బాల్ మీద పాట. 2010లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకలో దాన్ని ఆయన చేతే పాడించారు. చివరికి 2023లో పాటల హక్కుల్లో పెద్ద వాటా చేతికొచ్చింది. 2025 ఆగస్టులో తన 80వ ఏట, కొడుకులతో కలిసి ఆ పాత పాటలు 20 మళ్లీ పాడి విడుదల చేశాడు. టేలర్ స్విఫ్ట్ తన పాటల పక్కన పెట్టినట్టే, ప్రతి పాట పక్కనా ‘జాన్స్ వెర్షన్’ అని పెట్టాడు.

తండ్రికేమో అనుమానం. గొంతు పాతది కాదు, టేపు పాతది కాదు, ఇదేం రీఇష్యూ? ‘ఆయన పాట ఆయన పాడుకున్నాడు నాన్నా, నీకేంటి బాధ?’ అని ఆ అమ్మాయే పుట్టినరోజుకి కొనిచ్చింది. విన్నారు. రెండుసార్లు విన్నారు. అభిప్రాయం మాత్రం ఇంకా చెప్పలేదు. ఇంట్లో ఇది రికార్డే!

శాక్రమెంటోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్లనంటారు. వెస్ట్ ఓక్లండ్‌లోని రైమండీ పార్కులో 2024లో ‘ఓక్లండ్ బాలర్స్’ అని చిన్న లీగు జట్టొకటి మొదలైంది. అథ్లెటిక్స్ పోయిన బాధలోంచి ఊరివాళ్లు పెట్టుకున్నది. దాన్నీ మొదట కొట్టిపారేశారు, నకలు రికార్డని. కూతురు బలవంతాన ఓ శనివారం వెళ్లారు. కుర్రాళ్లు క్యాచ్‌లు వదిలేశారు, బంతులు దారితప్పాయి. చొక్కాల మీద మాత్రం ఊరి పేరుంది. వచ్చాక సీజన్ టిక్కెట్లు రెండు కొన్నారు. భార్యకి ఇంకా చెప్పలేదు. అక్కడ అన్నీ బాగానే ఉన్నాయట. మైకు సౌండే కాస్త తగ్గించాలట.