ఊటీకి ఒక టిక్కెట్టు తక్కువ

పిల్లలూ! ప్రయాణం అనగానే మీకు రైలూ, కిటికీ పక్క సీటూ గుర్తుకు వస్తాయి. మాబోటి పెద్దవాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేవి లెక్కలు. ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఎవరికి ఏ మందు, ఇంటి తాళం ఎవరికి అప్పగించాలి, ఇవన్నీ తేలితేగాని పెట్టె సర్దటం మొదలు కాదు. కిందటి ఉగాది సెలవులకు మేము ఊటీ వెళ్ళివచ్చాం. ఆ ప్రయాణానికి ఎలా సిద్ధమయ్యామో చెబుతాను. మీ ఇంట్లోనూ పనికి రావచ్చు.

ఇందులో నా పాత బాకీ ఒకటి ఉన్నది. నేను ముప్ఫైఆరేళ్ళు బడిపంతులుగా పనిచేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. పెళ్ళయిన కొత్తలో మా ఇంటావిడ ఒక క్యాలెండరు మీద కొండ ఎక్కే రైలు బొమ్మ చూసి, "మనం ఒకసారి ఇందులో వెళదామండీ," అన్నది. "వచ్చే వేసవికి తప్పకుండా!" అన్నాను. ఆ వేసవికి పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది. మరుసటి ఏడు మా చెల్లెలి పెళ్ళి. ఆ తరవాత ఏటా ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉన్నది. ఆమె మళ్ళీ అడగలేదు. అడగనంత మాత్రాన బాకీ తీరినట్టా? ఇప్పుడు ఆమెకు అరవైరెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకున్నాను.

ఒకరాత్రి భోజనాలయ్యాక అట్లాసు తెచ్చి చాప మీద పరిచాను. ఎనిమిదో తరగతి చదివే మనవడూ, ఐదో తరగతి మనవరాలూ చెరో పక్క కూర్చున్నారు. మా అబ్బాయికి సెలవు దొరకదు. కనక వెళ్ళేది నేనూ, మా ఇంటావిడా, కోడలూ, పిల్లలిద్దరూ, మొత్తం ఐదుగురం.

మాది నెల్లూరు. మధ్యాహ్నం రైలులో చెన్నై చేరి, అక్కడ రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే తెల్లవారేసరికి మెట్టుపాళయం వస్తుంది. అది కొండ కింది ఊరు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉన్నది. ఊటీ 2203 మీటర్ల ఎత్తున ఉన్నది. రెంటికీ మధ్య 46 కిలోమీటర్ల రైలుదారి.

"గాలిలో వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు వేడి తగ్గుతుంది. మరి ఊటీలో ఎంత తగ్గాలి?" అని అడిగాను.

మనవడు కాగితం మీద లెక్క వేసి, "పన్నెండు డిగ్రీలు తాతయ్యా!" అన్నాడు.

"అయితే స్వెట్టర్లు!" అన్నది మనవరాలు. ఆ నిమిషం నుంచీ బట్టల జాబితా ఆమెది, లెక్కల పుస్తకం మనవడిది. నీలగిరి జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు నిషేధం. కనక మనిషికొక స్టీలు నీళ్ళసీసా పెట్టాలని మనవరాలే రాసింది. కారులో వెళదామా అని కోడలు అడిగింది. కొండ మీద బళ్ళ రద్దీ తట్టుకోలేక, మద్రాసు హైకోర్టు ఉత్తరువు ప్రకారం 2024 మే నుంచి సొంత వాహనాలకు ముందుగా ఈ-పాసు తీసుకోవాలని నియమం పెట్టారు. బస్సుకూ రైలుకూ ఆ బాధ లేదు. పైగా మేము వెళ్ళేదే రైలు కోసం.

అరవై రోజుల ముందు, టిక్కెట్లు ఇవ్వటం మొదలయ్యే రోజున, ఉదయం ఎనిమిదింటికి మా అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొండ రైలులో పెట్టెలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. మాకు నాలుగు సీట్లు దొరికాయి. ఐదోది వెయిటింగు లిస్టులో పడింది. ప్రయాణం దగ్గరపడినా అది కదలలేదు.

ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "నేను ఇంట్లో ఉంటాను మామయ్యా, మీరు వెళ్ళిరండి," అన్నది కోడలు. "అందరం బస్సులోనే పోదాం. రైలెక్కకపోతే కొండ ఎక్కడికన్నా పారిపోతుందా?" అన్నది మా ఇంటావిడ. ఆ మాట నవ్వుతూనే అన్నది గాని, అంటూ క్యాలెండరు ఉండే గోడకేసి చూసింది. అక్కడ ఆ క్యాలెండరు లేక ఎన్నేళ్ళయిందో!

"నేను బస్సులో వస్తాను," అన్నాను.

"మీరు లేకుండా నేనెక్కి ఏం చూస్తాను?"

"చూసి వచ్చి నాకు చెప్పు. ఇన్నేళ్ళూ పాఠాలు నేను చెప్పాను. ఈసారి నువ్వు చెప్పు," అన్నాను.

మెట్టుపాళయంలో దిగేసరికి బాగా తెల్లవారింది. కొండ రైలు ఏడు దాటాక కదులుతుంది. మనవరాలు రైలు చుట్టూ చూసివచ్చి, "తాతయ్యా, ఇంజను వెనక పెట్టారు! మరిచిపోయినట్టున్నారు!" అన్నది.

మరిచిపోలేదు. పిల్లవాణ్ణి నిచ్చెన ఎక్కించేటప్పుడు మనం కింద నిలబడి తోస్తాం. కాలు జారినా మన చేతుల్లోనే పడతాడు. ఇదీ అంతే. ఇంజను కింది వైపు ఉంటే పెట్టెలు వెనక్కు జారిపోయే భయం ఉండదు.

మరి ఇంజనే జారితే? దానికీ ఉపాయం ఉన్నది. కల్లార్ స్టేషను దాటాక వాలు చాలా ఎక్కువ. కొన్నిచోట్ల సుమారు పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కాలి. నున్నని పట్టాల మీద నున్నని చక్రాలు అంత వాలు ఎక్కలేవు, జారుతాయి. అందుకని కల్లార్ నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్య పళ్ళున్న ఇనపకడ్డీలు జంటగా బిగించారు. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రాలు వాటిలో పడి, సైకిలు చెయిను పళ్ళలో పడినట్టు, పట్టుకుని ఎక్కుతాయి. ఆప్ట్ అనే స్విట్జర్లాండు ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి ఇది. ఈ దారి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో తెరిచారు. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు! 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

కిటికీలోంచి మా ఇంటావిడ చెయ్యి ఊపింది. నేను సామాను తీసుకుని బస్సెక్కాను.

బస్సు చాలా ముందే చేరింది. ఊటీ స్టేషనులో బల్ల మీద కూర్చున్నాను. ఎండ వెచ్చగా, గాలి చల్లగా ఉన్నది. మధ్యాహ్నం కావస్తుండగా రైలు వచ్చింది. 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు! మా ఇంటావిడ దిగుతూనే పాఠం మొదలుపెట్టింది.

"సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో అందరూ పిల్లలై కేకలు వేశారండీ! నేనూ వేశాను. హిల్‌గ్రోవ్ అనే చోట రైలు ఆపి ఇంజనుకు నీళ్ళు పట్టారు. అంత ఇంజనే మధ్యలో ఆగి నీళ్ళు తాగి ఎక్కుతుంటే, నేను మెట్ల మీద ఆగి ఆగి ఎక్కటానికి సిగ్గెందుకు? కూనూరులో ఆవిరి ఇంజను తీసి డీజిలు ఇంజను తగిలించారు."

మనవడి ముఖం మాత్రం చిన్నబోయింది. వాడు థర్మామీటరు వెంట తెచ్చాడు. "లెక్క తప్పింది తాతయ్యా. పొద్దున మెట్టుపాళయంలో 24, ఇక్కడ 20. పన్నెండు తగ్గలేదు, నాలుగే తగ్గింది."

"అక్కడ చూసింది ఏడింటికి. ఇక్కడ చూసింది పన్నెండింటికి. మధ్యలో ఎండెక్కలేదూ?" అన్నాను. ఫోనులో చూస్తే ఆ సమయానికి మెట్టుపాళయంలో 32 డిగ్రీలు. వాడు ఎగిరి గంతేశాడు. రెండు చోట్లను పోల్చాలంటే ఒకే వేళ చూడాలి. ఈ సంగతి పుస్తకంలో చదివితే మరిచిపోవచ్చు గాని, ఇలా నేర్చుకున్నది మరిచిపోరు.

రోజుకు రెండు చోట్లకు మించి చూడకూడదని ముందే అనుకున్నాం. మొదటిరోజు విశ్రాంతి, సాయంత్రం చెరువు. అది సహజమైనది కాదు. 1820ల్లో కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ తవ్వించాడు. రెండోరోజు 1848లో మొదలైన వృక్షశాస్త్ర తోట. అక్కడ రాయిగా మారిన రెండు కోట్ల సంవత్సరాల నాటి చెట్టు మొద్దు ఉన్నది. పైన తోడాల గుడిసెలు చూశాం. సగానికి కోసిన పీపాను బోర్లించినట్టు ఉంటాయి. వంగి, పాకి వెళ్ళేంత చిన్న వాకిలి. మూడోరోజు దొడ్డబెట్ట. కన్నడంలో దొడ్డ అంటే పెద్ద, బెట్ట అంటే కొండ. 2637 మీటర్లతో నీలగిరుల్లో అదే ఎత్తయిన శిఖరం. మా ఇంటావిడ ఆగి ఆగి ఎక్కింది. సిగ్గుపడలేదు.

తిరుగుదారి బస్సులో ఐదుగురం కలిసి దిగాం.

"నా బాకీ తీరిందా?" అని అడిగాను.

"సగమే. మీరు రైలెక్కలేదుగా!" అన్నది మా ఇంటావిడ.

ఇంటికి రాగానే పిల్లలు మళ్ళీ అట్లాసు పరిచారు. వచ్చే ఉగాదికి లెక్క వేస్తున్నారు. ఈసారి మా అబ్బాయి కూడా సెలవు పెడతానన్నాడు. కనక ఆరు టిక్కెట్లు.