ఈశాన్యపు వాకిలి

అద్దెయింటి రెండుగదులలో పదునెనిమిదేండ్లు గడపి, తుదకు హైదరాబాదునకు తూర్పున, ఘట్‌కేసరు వైపున, నాలుగు పడకగదుల క్రొత్తయిల్లు కొంటిమి. సిద్ధాంతిగారిని మూడుమారులు రప్పించి యీశాన్యమును కొలిపించితిమి. వారి మాటపై వంటయింటి గోడను పడగొట్టించి మరల కట్టించితిమి. వాననీరెటు పోవునని మాత్ర మొక్కరినైన నడుగమైతిమి. 1908 నాటి మూసీ వరదను, పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులను ఏటేట బాలురకు బోధించు మేమే యడుగలేదు!

2020 అక్టోబరు 13వ తేది రాత్రి, ఆ యీశాన్యపు వాకిటనే మోకాలిలోతు నీరు లోనికి వచ్చెను. పుస్తకములన్నియు నానిపోయెను. మా తల్లిగారిని కుర్చీతో మేడమీదికి మోసితిమి. తెల్లవారిన పిమ్మట ఆ యూరి గొఱ్ఱెలకాపరి వచ్చి చూచి, “మమ్ముల ఒక్కమాట అడిగితే చెప్పకపోదుమా సారూ? ఇది చెరువు అలుగు పారే తొవ్వ” అనెను.

చదువరులారా! విశాలమైన యిల్లు కోరుట దోషము కాదు. కాని సిద్ధాంతికంటె ముందు గ్రామపటమును, చెరువు శిఖము హద్దును చూడుడు. ఊరి ముసలి రైతు నడుగుడు.

ఇప్పుడు మిత్రులు ఎండకాలమున ఇల్లమ్మివేయుమనుచున్నారు. నీటిమాట దాచి యమ్ముట యెట్లు? చెప్పియే యమ్మవలెనని మా యింటియామె పట్టుపట్టినది, మేమును సమ్మతించితిమి. ఇంతవరకు కొనువారు రాలేదు.