షెల్టర్‌కు రాని మామ్మ

నాగాయలంక దాటాక అంతా రొయ్యల చెరువులే. వాటి మధ్య నుంచే సొర్లగొంది వెళ్లాం. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ ఊళ్లో వందల ప్రాణాలు తీసింది. దివిసీమలో వేలమంది చనిపోయారు. నాతో వచ్చిన మిత్రుడు విజయవాడలో మానసిక వైద్యుడు.

"గాలి మొదలైతే మా అత్త తలుపు వెయ్యనివ్వదండీ. జల్లు మంచాల మీదకు కొట్టినా సరే" అంది మేం వెళ్లిన ఇంటి కోడలు, మామ్మ గురించి. తుఫాను హెచ్చరిక రాగానే ఊరంతా షెల్టర్‌కు పోతుంది, మామ్మ మాత్రం కదలదు. ఉప్పెన రోజు గడియ పెట్టుకుని లోపల కూర్చున్న తనవాళ్ల మీద కప్పు కూలింది. బయట ఉన్న ఆమె తుమ్మచెట్టును కరుచుకుని తెల్లారేదాకా ఉంది.

"భయమని కాదు బాబూ, ఒంటికే ముందు తెలుస్తది. అరిచేతులు చెమట్లు పడతాయి, గుండె దడదడలాడుద్ది. తర్వాత చూస్తే గాలి మారి ఉంటది" అంది మామ్మ.

ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం మెదడులో ఉందని, ఆలోచన అందుకునేలోపే అది ఒంట్లో అడ్రినలిన్ పరుగులు పెట్టిస్తుందని డాక్టరు చెప్పాడు. మామూలు జ్ఞాపకం "అయిపోయింది" అన్న ముద్రతో నిలుస్తుంది. ఇలాంటి భయంకరమైన జ్ఞాపకానికి ఆ ముద్ర సరిగా పడదు, అందుకే గాలి చప్పుడొక్కటే చాలు. అందరికీ ఇలా అవ్వదు. పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గక బతుకుకు అడ్డుపడితేనే పీటీఎస్‌డీ అంటారు. అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథంలో ఆ జబ్బు చేరింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరు పుణ్యమా అని. కాబట్టి ఆనాటి శిబిరాల్లో బియ్యం, బట్టలు పంచినవాళ్లు "నిద్ర పడుతోందా?" అని అడగలేదంటే తప్పుపట్టలేను. ఇన్నేళ్లలో ఎవరూ అడగకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. "ఆవిడ తత్వం అంతే" అని ఇంట్లోవాళ్లూ సరిపెట్టుకున్నారు.

"మందుందా అండీ?" కోడలు అడిగింది.

సెర్ట్రాలిన్ లాంటివి ఉన్నాయి గానీ తనైతే మాటలతో చేసే వైద్యమే ముందు మొదలుపెడతానన్నాడు డాక్టరు. జరిగింది చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయకూడదట. ఎండ కాసే రోజున, తలుపులు బార్లా తీసి ఉన్నప్పుడు, షెల్టర్‌లో కాసేపు కూర్చుని రావాలి. అలవాటయ్యాక ఇంకాసేపు. అలా వైద్యం చేసేవాళ్లు ఎవరూ దొరక్కపోతే 14416కు ఫోన్ చేయమన్నాడు. అది టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

"తలుపు పక్కన కూర్చోనిస్తారా?" మామ్మ అడిగింది.

"నువ్వొస్తానంటే తాళంచెవి నేనే అడిగి తెస్తా" అంది కోడలు.

"రేపొద్దు. ఎల్లుండి చూద్దాం."